ఇంటి వర్క్‌షాపులోకి ఇనుము కోసే బ్యాండ్‌సా: తరచుగా అడిగే ప్రశ్నలు

మా విజయవాడ ఇంటి వెనక షెడ్డులో బ్యాండ్‌సా (రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే పళ్ల బ్లేడుతో కోసే మెషీన్) పెట్టిన దగ్గర్నుంచి వచ్చిన ప్రతివాళ్లూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. కొందరు కొనబోతూ, కొందరు కొనేసి బ్లేడ్లు విరగ్గొట్టుకున్నాక అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## కొనాలా వద్దా అనుకుంటున్నప్పుడు

నా దగ్గర గ్రైండరు, 14 అంగుళాల కటాఫ్ మెషీన్ ఉన్నాయి. మళ్లీ బ్యాండ్‌సా ఎందుకు?

గేట్లు, గ్రిల్స్ మాత్రమే చేస్తుంటే అవసరం లేదు. పల్చటి స్క్వేర్ పైపు, యాంగిల్ కోయడంలో కటాఫ్ మెషీనే వేగం. రాడ్డు, మందం ఫ్లాటు, బ్రాస్, అల్యూమినియం కోయడం మొదలెట్టాక తేడా తెలుస్తుంది. కటాఫ్ చక్రం కోయదు, రాపిడితో అరగదీస్తుంది. ఆ వేడికి ఈఎన్8 లాంటి స్టీల్ రాడ్డు కోసిన ముఖం గట్టిపడిపోతుంది. తర్వాత అక్కడ డ్రిల్ పెడితే బిట్ జారిపోతుంది, మరలు కోసే ట్యాప్ వేస్తే విరుగుతుంది. బ్యాండ్‌సా కోసిన ముక్కను వెంటనే చేత్తో పట్టుకోవచ్చు, నేరుగా లేత్‌కి ఎక్కించవచ్చు.

ఇక చప్పుడు సంగతి. కటాఫ్ మెషీన్ ఆన్ చేస్తే వీధి చివరిదాకా వినబడుతుంది, నిప్పురవ్వలు నాలుగు మీటర్లు ఎగురుతాయి. బ్యాండ్‌సా నడుస్తుంటే పక్కన నిలబడి మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. చుట్టూ ఇళ్లున్న చోట పని చేసుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

చెక్క కోసే బ్యాండ్‌సాకి ఇనుము బ్లేడు వేస్తే సరిపోదా?

సరిపోదు. చెక్క మెషీన్‌లో బ్లేడు నిమిషానికి సుమారు 900 మీటర్లు పరిగెడుతుంది. మైల్డ్ స్టీల్‌కి కావాల్సింది 25 నుంచి 60 మీటర్లు. ఆ వేగంతో స్టీల్‌ని తాకగానే పళ్లు కాలి మొండిబారిపోతాయి. పుల్లీ మార్చినంత మాత్రాన వేగం అంత తగ్గదు, మధ్యలో గేర్‌బాక్స్ ఉండాల్సిందే. అల్యూమినియం ఒక్కటీ చెక్క మెషీన్ మీద నడుస్తుంది, అదీ సరైన బ్లేడుతో, జాగ్రత్తగా.

పాత పవర్ హ్యాక్‌సా తక్కువకి వస్తోంది. తీసుకోనా?

చోటుండి, తొందర లేకపోతే తీసుకోండి. అది ముందుకీ వెనక్కీ ఊగుతుంది కానీ ఒక వైపు ఊపులోనే కోస్తుంది కాబట్టి సగం సమయం వృథా. అయితే కట్టడం మొరటు, బ్లేడు చౌక, ముప్పై ఏళ్ల మెషీన్ అయినా బేరింగులు మారిస్తే మళ్లీ నడుస్తుంది. లావు రాడ్డు ఎక్కించి పక్కన వేరే పని చూసుకునేవాళ్లకు మంచిదే. పల్చటి పైపులు ఎక్కువగా కోసేవాళ్లకు మాత్రం వద్దంటాను.

ఎంత సైజు కొనాలి? పెద్దదైతే భవిష్యత్తుకి పనికొస్తుందిగా?

ఇళ్లలో కనిపించేవి రెండు సైజులు. 4×6 అంగుళాల మెషీన్ నాలుగంగుళాల గుండ్రటి రాడ్డు కోస్తుంది, బరువు సుమారు 60 కిలోలు. 7×12 మెషీన్ ఏడంగుళాల రాడ్డు కోస్తుంది, 130 నుంచి 160 కిలోలు తూగుతుంది.

రాడ్డు బరువు లెక్క ఫ్యాబ్రికేషన్ వాళ్లందరికీ నోటికొచ్చు: మిల్లీమీటర్లలో వ్యాసం స్క్వేర్ చేసి 162తో భాగిస్తే మీటరుకి కిలోలు. 100 మి.మీ. రాడ్డు మీటరుకి 62 కిలోలు. ఏడంగుళాల రాడ్డు 195 కిలోలు. క్రేన్ లేని ఇంట్లో దాన్ని వైస్‌లోకి (ముక్కని బిగించే దవడల్లోకి) ఎత్తేది ఎవరు? కాబట్టి "ఎప్పుడైనా కోస్తానేమో" అనుకునే సైజుని పక్కన పెట్టండి. గత ఆరు నెలల్లో మీరు కోసిన ముక్కల్లో పెద్దది ఎంతో చూడండి.

ఇంత చెప్పాక కూడా, చోటూ డబ్బూ ఉంటే నేను 7×12 వైపే మొగ్గుతాను. సైజు కోసం కాదు. దాని బ్లేడు 19 లేదా 20 మి.మీ. వెడల్పు, 4×6ది 13 మి.మీ. వెడల్పైన బ్లేడు తేలిగ్గా పక్కకి పోదు. పైగా పెద్ద మెషీన్లకి ఆర్మ్ (బ్లేడూ చక్రాలూ ఉండే పై భాగం) దిగే వేగాన్ని అదుపు చేసే హైడ్రాలిక్ సిలిండర్, కోతని చల్లబరిచే కూలెంట్ పంపు కంపెనీ నుంచే వస్తాయి.

సింగిల్ ఫేజ్ కరెంటు మీద నడుస్తుందా?

నడుస్తుంది. 4×6కి అర నుంచి ముప్పావు హార్స్‌పవర్, 7×12కి ఒకటి నుంచి ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు ఉంటుంది. 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ చాలు.

త్రీ ఫేజ్ మోటారున్న పాత మెషీన్ మంచి ధరకి దొరికితే వదులుకోకండి. మోటారు టెర్మినల్ పెట్టెలో ఆరు తీగలు బయటికి వచ్చి ఉండి, స్టార్‌లో 415 వోల్టులు అని ప్లేటు మీద ఉంటే, డెల్టాకి మార్చి సింగిల్ ఫేజ్ తీసుకునే వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె) మీద నడపవచ్చు. పుల్లీ బెల్టు మార్చకుండా నాబ్ తిప్పి వేగం సర్దుకోవచ్చు కూడా. ఈ పని ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

## షాపులో మెషీన్ ముందు నిలబడినప్పుడు

అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. మొదట ఏం చూడాలి?

వైస్ చూడండి. అందరూ మోటారు హార్స్‌పవర్ అడుగుతారు కానీ ఇంటి పనిలో మోటారు శక్తి చాలక ఆగిపోవడం అరుదు. ముక్క కదిలితే మాత్రం బ్లేడు పోతుంది. కదలని దవడని రెండు బోల్టులతో గట్టిగా బిగించే వీలుందా, కదిలే దవడ బిగించాక పైకి లేస్తోందా, చేత్తో ఊపి చూడండి.

తర్వాత ఆర్మ్ పైకెత్తి పక్కకి ఊపండి. ఇరుసు దగ్గర ఆట ఉంటే అందులో ఎప్పటికీ నిటారు కోత రాదు. ఆపైన బ్లేడు గైడ్ బేరింగులు. ఒక్కోవైపు బ్లేడుని అటూ ఇటూ పట్టే రెండు బేరింగులు, వీపుని (పళ్లు లేని వెనక అంచుని) ఆపే మూడోది ఉండాలి. వీపు బేరింగు లేని మెషీన్ వద్దు.

ఆర్మ్ కిందికి దిగడానికి స్ప్రింగ్ ఉన్నదా, హైడ్రాలిక్ సిలిండర్ ఉన్నదా?

డబ్బు ఎక్కువైనా హైడ్రాలిక్. లావు రాడ్డుకి రెండూ ఒకటే. పైపు కోసేటప్పుడు పై గోడ అయిపోగానే బ్లేడుకి ఎదురు తగ్గిపోతుంది. స్ప్రింగ్ ఉన్న ఆర్మ్ ఒక్కసారిగా పక్క గోడల మీద పడి పళ్లు ఊడగొడుతుంది. సిలిండర్ ఉంటే వాల్వు ఎంత తెరిస్తే అంతే వేగంతో దిగుతుంది. స్ప్రింగ్ మెషీన్ ఇప్పటికే కొనేసి ఉంటే సిలిండర్ విడిగా కొని బిగించుకోవచ్చు. ఆటోనగర్‌లో ఏ ఫ్యాబ్రికేటరైనా బ్రాకెట్ చేసిస్తాడు.

ఏటవాలు కోతలకి వైస్ తిరిగేది మంచిదా, ఆర్మ్ తిరిగేది మంచిదా?

మీ గది చూసి తేల్చుకోండి. పైపు షాపులో 6 మీటర్ల పొడవు వస్తుంది. వైస్ తిరిగే మెషీన్‌లో 45 డిగ్రీలు పెట్టగానే ఆ పొడవంతా అడ్డం తిరిగి గోడకి తగులుతుంది. ఆర్మ్ తిరిగేదైతే పైపు ఉన్న చోటే ఉంటుంది. ఫ్రేములు ఎక్కువ చేసేవాళ్లకి ఆర్మ్ తిరిగేదే హాయి. ఏటవాలుగా కోసేటప్పుడు కెపాసిటీ బాగా తగ్గిపోతుంది, అందుకే ప్లేటు మీద 45 డిగ్రీల కొలత వేరుగా ఉందేమో చూడండి.

ఎన్ని స్పీడులు ఉండాలి?

కనీసం మూడు. 4×6 మెషీన్లలో మామూలుగా నిమిషానికి 24, 37, 61 మీటర్లు ఉంటాయి. స్టెయిన్‌లెస్‌కి, గట్టి స్టీల్స్‌కి మొదటిది. మైల్డ్ స్టీల్‌కి రెండోది, కూలెంట్ పారుతుంటే మూడోది కూడా. అల్యూమినియం, బ్రాస్‌లకి మెషీన్ ఎంత వేగమిస్తే అంత.

సెకండ్ హ్యాండ్ మెషీన్ చూడ్డానికి వెళ్తున్నాను. ఏం పట్టుకెళ్లాలి?

వెర్నియర్, చిన్న మూలమట్టం, కొత్త బ్లేడు ఒకటి, 50 మి.మీ. రాడ్డు ముక్క. అమ్మేవాళ్ల పాత బ్లేడుతో పరీక్ష పెట్టకండి, తప్పు మెషీన్‌దో బ్లేడుదో తేలదు. కొత్తది వేయించి, రాడ్డు చివర శుభ్రంగా ఒకసారి కోసి, తర్వాత ఐదారు మి.మీ. మందం బిళ్ల ఒకటి తీయండి. బిళ్ల మందాన్ని నాలుగు వైపులా వెర్నియర్‌తో కొలవండి. 0.2 మి.మీ. లోపు తేడా ఉంటే మెషీన్ బంగారం. అర మి.మీ. దాకా ఉంటే గైడ్లు సర్దితే దారికొస్తుంది. అంతకు మించి ఉంటే ఇరుసు, గైడ్లు అరిగాయేమో విప్పించి చూడందే బయానా ఇవ్వకండి.

చక్రాల అంచు మీద వేలు పెట్టి తిప్పండి. అంచు అరిగి పల్లం పడితే బ్లేడు నిలవదు. గేర్‌బాక్స్ మూత తప్పక విప్పించండి. మొదటి మెషీన్ కొన్నప్పుడు నేను ఆ పని చేయలేదు. ఇంటికొచ్చి విప్పితే ఆయిల్ ఉండాల్సిన చోట ఎండిపోయిన నల్లటి ముద్ద, అందులో మెరుస్తున్న కంచు రజను కనిపించాయి. వార్మ్ గేరు పళ్లు సగానికి అరిగాయి. కొత్త గేరు చేయించడానికి నెల పట్టింది.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొత్తవి చూసి, బాలానగర్ చుట్టుపక్కల వర్క్‌షాపుల్లో అమ్మకానికి పెట్టినవి కూడా చూసి ధర పోల్చుకోండి. ఒక్క చోట చూసి కొనకండి.

## బ్లేడు దగ్గరికొచ్చేసరికి

కార్బన్ బ్లేడు చాలా చౌక కదా, బైమెటల్ ఎందుకు?

కార్బన్ బ్లేడు పళ్లు రెండు వందల డిగ్రీల వేడి దాటితే మెత్తబడటం మొదలవుతుంది. బైమెటల్ బ్లేడుకి వీపు స్ప్రింగ్ స్టీల్, పళ్ల అంచు హైస్పీడ్ స్టీల్. ఎం42 రకంలో 8 శాతం కోబాల్ట్ ఉంటుంది, 500 డిగ్రీలు దాటినా పదును నిలుస్తుంది. ధర రెండు మూడు రెట్లున్నా ఎన్నో రెట్లు ఎక్కువ కోస్తుంది. మెషీన్‌తో ఉచితంగా వచ్చే బ్లేడు దాదాపు ఎప్పుడూ కార్బన్‌దే. దాంతో కోసి "మెషీన్ బాగాలేదు" అని బాధపడేవాళ్లని చూశాను. ముందు ఒక మంచి బైమెటల్ బ్లేడు వేసి చూడండి, మెషీన్ మీద అభిప్రాయం మారిపోతుంది.

ఎన్ని పళ్ల బ్లేడు తీసుకోవాలి? టీపీఐ అంటే ఏమిటి?

టీపీఐ అంటే అంగుళానికి ఎన్ని పళ్లు అని. ఎప్పుడూ కనీసం మూడు పళ్లు లోహంలో ఉండాలి, ఇరవై నాలుగు దాటకూడదు. మూడుకన్నా తక్కువైతే పల్చటి గోడ రెండు పళ్ల మధ్య ఇరుక్కుని పన్ను ఊడుతుంది. ఎక్కువైతే పళ్ల సందుల్లో రజను నిండిపోయి బ్లేడు కోయకుండా జారుతుంది.

14 టీపీఐలో ఒక్కో పంటి దూరం 1.8 మి.మీ., మూడు పళ్లకి 5.4 మి.మీ. అంటే 6 మి.మీ. ఫ్లాటుకి, యాంగిల్‌కి బాగుంటుంది. అదే బ్లేడుని 50 మి.మీ. రాడ్డు మీద పెడితే ఒకేసారి 27 పళ్లు లోపలుంటాయి, కోత నత్తనడక నడుస్తుంది. దానికి 6/10 లేదా 5/8 కావాలి. ఇలా రెండు అంకెలుంటే పళ్ల దూరం మారుతూ ఉంటుందని అర్థం. అదురు తగ్గుతుంది, రకరకాల సైజులకి సర్దుకుంటుంది.

రెండు మి.మీ. గోడ ఉన్న స్క్వేర్ పైపుకి మూడు పళ్ల లెక్క కుదిరే బ్లేడు బ్యాండ్‌సాకి దొరకదు. 14/18 వేసి, ఆర్మ్‌ని చాలా నెమ్మదిగా దింపడమే దారి. నేను ఒకసారి 1.2 మి.మీ. పైపుని 10/14తో తొందరగా కోయబోయాను. టకటకమని నాలుగు చప్పుళ్లు వినిపించాయి, ట్రే ఊడ్చితే ఆవగింజలంత పళ్లు పదకొండు దొరికాయి.

రెండు బ్లేడ్లతో మొదలెట్టండి: పైపులకి 14/18, రాడ్లకి 6/10.

బ్లేడు పొడవు ఎలా చెప్పాలి?

4×6 మెషీన్లకి ఎక్కువగా 1638 మి.మీ., 7×12కి 2362 మి.మీ. మీ మెషీన్ పుస్తకంలో చూసి, పొడవు × వెడల్పు × మందం, ఆపైన టీపీఐ చెప్పండి. షాపుల్లో చుట్ట నుంచి కత్తిరించి వెల్డ్ చేసిస్తారు. వెల్డు మీద వేలి గోరు లాగి చూడండి, తట్టుకుంటే నునుపు చేసివ్వమనండి. చిన్న చక్రాల మెషీన్‌కి 0.65 మి.మీ. మందమే వేయాలి. 0.9 వేస్తే చక్రం చుట్టూ వంగి వంగి వీపు చీలుతుంది.

కొత్త బ్లేడు మొదటి రోజే పోయింది. ఎందుకు?

కొత్త పళ్ల మొన మరీ సూదిగా ఉంటుంది. మొదటి రోజే పూర్తి బరువు వేస్తే ఆ మొన చిట్లిపోతుంది. వేగం మామూలుగానే ఉంచి, మొదటి నాలుగైదు కోతలు సగం ఒత్తిడితో కోయండి. మొన సన్నగా గుండ్రబడ్డాక బ్లేడు చాలాకాలం నిలుస్తుంది. ఇంకొకటి: పాత బ్లేడు సగంలో పోతే అదే గాటులోకి కొత్త బ్లేడుని దింపకండి, ఇరుక్కుని పళ్లు పోతాయి. ముక్కని తిప్పి రెండో వైపు నుంచి మొదలెట్టండి.

## ఇంట్లో పెట్టి నడుపుతున్నప్పుడు

ఎక్కడ పెట్టాలి? ఎంత చోటు కావాలి?

మెషీన్‌కి ఐదడుగులు చాలు, పైపుకి ఇరవై అడుగులు కావాలి. వైస్‌ని తలుపుకో కిటికీకో సూటిగా వచ్చేలా పెడితే పైపు బయటికి పోతుంది. పొడవు ముక్క కింద రోలర్ స్టాండు తప్పనిసరి. 50 మి.మీ. రాడ్డు ఆరు మీటర్లు 93 కిలోలు, ఆధారం లేకపోతే చిన్న మెషీన్‌నే పడేస్తుంది.

4×6తో వచ్చే రేకు స్టాండు నాకు నచ్చదు. 40×40 స్క్వేర్ పైపుతో వెడల్పు కాళ్ల స్టాండు చేసుకోండి.

కోత వంకరగా పోతోంది. ఏం చేయాలి?

బ్లేడు మొండిబారిందేమో ముందు చూడండి, చాలాసార్లు అదే. బాగానే ఉంటే కదిలే గైడ్ ఆర్మ్‌ని ముక్కకి వీలైనంత దగ్గరగా జరపండి. బ్లేడు గాల్లో ఎంత పొడవుంటే అంత వంగుతుంది. తర్వాత బ్లేడు బిగువు. చిన్న మెషీన్ల మీద అందరూ వదులుగానే ఉంచుతారు, ఇంకాస్త బిగించండి. ఆర్మ్ మీద బరువు తగ్గించండి.

అప్పటికీ తిన్నగా రాకపోతే మూలమట్టం తీయండి. కోత ఎడమకో కుడికో పోతుంటే కదలని దవడ బ్లేడుకి 90 డిగ్రీలుగా లేదు. పైనుంచి కిందికి వాలుతుంటే బ్లేడు నిటారుగా నిలబడటం లేదు, గైడ్ బేరింగుల బోల్టులు కాస్త తిప్పితే వాటి ఇరుసు జరిగి బ్లేడు నిలబడుతుంది. ఒకసారికి పావు తిప్పుడు మాత్రమే తిప్పి, ఒక బిళ్ల కోసి కొలిచి, మళ్లీ తిప్పండి.

ఎంత ఒత్తిడి వేయాలో ఎలా తెలుస్తుంది?

రజను చెబుతుంది. ట్రేలోంచి చిటికెడు తీసి అరచేతిలో వేసుకుని చూడండి. పొడి పిండిలా ఉంటే బ్లేడు కోయట్లేదు, రాసుకుంటోంది, బరువు పెంచండి. సన్నగా చుట్టుకుని, 6 అంకె ఆకారంలో, మామూలు లోహం రంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు. మందంగా, నీలం తిరిగి, వేడిగా తగిలితే ఒత్తిడో వేగమో ఎక్కువైంది.

స్టెయిన్‌లెస్ దగ్గర ఇది ఇంకా ముఖ్యం. 304 రకం మీద బ్లేడు కోయకుండా రాసుకుంటే ఆ చోటు గట్టిపడి, తర్వాత ఏ బ్లేడూ దిగదు. నెమ్మది వేగం పెట్టి, మొదలెట్టాక ఆపకుండా, ఒకే ఒత్తిడితో చివరిదాకా కోయండి.

కూలెంట్ లేకుండా కోయొచ్చా?

పైపులు, యాంగిల్స్ పొడిగా కోయొచ్చు. కాస్ట్ ఐరన్ పొడిగానే కోయాలి, దాని పొడి కూలెంట్‌తో కలిస్తే బురదై పంపుని మూసేస్తుంది. బ్రాస్‌కీ అక్కర్లేదు. లావు రాడ్డుకీ, స్టెయిన్‌లెస్‌కీ కావాలి. అల్యూమినియం పళ్లకి అతుక్కుంటుంది కాబట్టి బ్లేడుకి మైనం పట్టించండి.

నీళ్లలో కలిపే కటింగ్ ఆయిల్‌ని ఒక వంతుకి ఇరవై వంతుల నీళ్లతో కలిపితే పల్చటి పాలలా వస్తుంది. నీళ్లలో ఆయిల్ పోయాలి, ఆయిల్‌లో నీళ్లు కాదు. వారాల తరబడి వాడకపోతే కుళ్లి వాసన వేస్తుంది, అప్పుడు పారబోసి ట్యాంకు కడగాల్సిందే. అప్పుడప్పుడూ కోసేవాళ్లకి ట్యాంకు కన్నా కటింగ్ ఆయిల్ పోసిన సీసాతో చుక్కలు వేసుకోవడమే నయం.

చిన్న ముక్క వైస్‌లో నిలవట్లేదు.

దవడల ఒక అంచునే పట్టుకుంటే కదిలే దవడ మెలి తిరిగి ముక్కని వదిలేస్తుంది. అదే మందం చెత్త ముక్కని రెండో అంచులో పెట్టి బిగించండి. నిలుస్తుంది.

యాంగిల్‌ని ఎలా పెట్టాలి?

మూల పైకి వచ్చేలా, ఇంటి కప్పులా బోర్లించి. అప్పుడు బ్లేడుకి మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం దొరుకుతుంది. పల్చటి ఫ్లాటుని పడుకోబెట్టండి, నిలబెట్టకండి.

కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటదే తిరిగితే?

తిరుగుతుంది, అదే ప్రమాదం. కరెంటు పోయిందని బ్లేడు సర్దుతూ వేళ్లు లోపల పెట్టి ఉంటారు, ఇంతలో కరెంటు వస్తుంది. మామూలు స్విచ్ తీసేసి, బోరు మోటార్లకి పెట్టే పచ్చ, ఎర్ర బటన్ల స్టార్టరు పెట్టించండి. కరెంటు పోగానే అది కట్టయిపోతుంది, పచ్చ బటన్ నొక్కితేనే మళ్లీ తిరుగుతుంది. అప్పుడు కూడా బ్లేడు ముట్టుకునే ముందు ప్లగ్ పీకేయండి.

గ్లవ్స్ వేసుకోవాలా?

బ్లేడు మార్చేటప్పుడు వేసుకోవాలి. మెషీన్ తిరుగుతుంటే తీసేయాలి. బ్లేడు గుడ్డని పట్టిందంటే చేతిని లాక్కుపోతుంది. వదులు చొక్కా చేతులు, చున్నీ, మెడలో తువ్వాలు కూడా వద్దు. కళ్లద్దాలు ఎప్పుడూ ఉండాలి. రజనుని చేత్తో కాదు, బ్రష్‌తో ఊడవండి. చుట్టిన బ్లేడు కట్టు విప్పేటప్పుడు పిల్లల్ని దూరంగా పంపి, చేయి చాచి, ముఖం పక్కకి తిప్పి విప్పండి. స్ప్రింగులా ఒక్కసారి తెరుచుకుంటుంది.

పని అయ్యాక ఏం చేయాలి?

బ్లేడు బిగువు వదులు చేయండి, బ్లేడూ చక్రాలూ రెండూ ఎక్కువ కాలం నిలుస్తాయి. వైస్ స్క్రూ మీది రజను తుడిచి రెండు చుక్కల ఆయిల్ వేయండి. మా కృష్ణా తీరంలో వానాకాలం ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది, కాబట్టి వైస్ బెడ్ మీద, దవడల మీద ఆయిల్ గుడ్డతో ఒకసారి తుడిచి వదిలేయండి. కొత్త మెషీన్ అయితే మొదటి 50 గంటల తర్వాత గేర్‌బాక్స్ ఆయిల్ మార్చండి. ఆ మొదటి ఆయిల్‌లో కాస్త కంచు పొడి కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, గేర్లు ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు రాలే పొడే అది.